పసుపు గీత

గంగుబాయి ఏటా వానాకాలం మొదట్లో గోదావరి ఘాటు మెట్టు మీద పసుపుతో గీత గీస్తుంది. అత్త నేర్పిన పద్ధతి. "ఇది దాటకు తల్లీ" అని మొక్కి ఒడిబియ్యం పోస్తుంది. గీత తడిస్తే ఇల్లు వదలాలి, తడవకపోతే నిశ్చింత. నలభై ఏళ్లలో ఆ గీత ఒక్కసారీ అబద్ధమాడలేదు.

ఆ ఉదయం నాందేడ్‌లో ఎండ ఫెళ్లున కాస్తోంది. ఎగువన ఆనకట్ట గేట్లు ఎత్తారనీ, మురుగు నాలా పక్కవాళ్లు బడిలో పెట్టిన శిబిరానికి వచ్చేయాలనీ మైకు పెట్టిన ఆటో మరాఠీలో అరుస్తూ పోయింది. వెంటనే మనవరాలు ప్రణాలి స్కూటీ మీద వచ్చింది.

"పెద్ద బాపమ్మను బడికి తీస్కపోదాం."

పెద్ద బాపమ్మ ఇందుబాయి, గంగుబాయి తోటికోడలు. పక్షవాతం వచ్చి మూడేళ్లుగా వెనక గదిలో మంచం మీదే ఉంది.

"ఈడ చుక్క వాన లేదు. వరద ఏడికెల్లి అస్తదే?"

"వాన ఈడ పడుడెందుకు? నాసిక్ కాడ పడ్డా, పర్భణి దిక్కు పడ్డా అన్ని నీళ్లు మన ముంగట్నుంచే పోవాలె. నది నిండుగుంటే మన నాలాను లోపలికి రానియ్యది బాపమ్మా, ఎన్కకు తంతది."

"మీ తాతను గిట్లనే రెండు దినాలని దవాఖానకు తీస్కపోయిన్రు. మల్ల మొకం సూడలే. అక్కను ఎవ్వలకియ్య."

"నేనేమన్న ఇత్తడి బిందెనా, ఇయ్యకపోనీకి?" లోపలి నుంచి ఇందుబాయి నవ్వింది.

"గీత సూసొస్త. తడిస్తే నువ్వన్నట్లే," అంది గంగుబాయి. ప్రణాలి ఆటో కోసం వెళ్లింది. తాను లేనప్పుడు అక్కను ఎత్తుకుపోతారేమోనని గంగుబాయి తలుపుకు తాళం వేసి, చెవి కొంగున ముడేసుకుంది.

ఘాటు దగ్గర నది ఎర్రగా, నిండుగా పోతోంది. గీత మాత్రం నీటికి రెండు మెట్లు పైనే ఉంది. వంగి తాకింది. పొడి పసుపు వేలికంటింది. గుండె కుదుటపడి, వెనక్కి తిరిగింది.

సందు మలుపులో కాళ్లు ఆగిపోయాయి.

నీళ్లు నది వైపు నుంచి రాలేదు. ఇళ్ల వెనక నాలా లోంచి వస్తున్నాయి. నదికి పోవాల్సిన మురుగు ఎదురెక్కి సందులోకి పొర్లుతోంది. చెప్పులు, డబ్బాలు దాని మీద తేలుతూ ఊళ్లోకి పోతున్నాయి. నడుముల్లోతులో ప్రణాలి తాళాన్ని రాయితో కొడుతోంది.

"చెవి! బాపమ్మా, చెవి!"

కొంగు ముడి ఊడలేదు. పంటితో లాగింది. తలుపు తెరిస్తే లోపల స్నానాల గది తూములోంచి నీళ్లు బుడబుడా ఎగదన్నుతున్నాయి. మంచం మునిగిపోయింది. ఇందుబాయి బాగున్న చేత్తో కిటికీ ఊచ పట్టుకుని వేలాడుతోంది. నీళ్లు గడ్డానికి తగులుతున్నాయి.

"గీత తడిసిందానే, గంగూ?"



"లేదక్కా. పొడిగనే ఉన్నది."

ప్రణాలి, ఆటో అతనూ కలిసి ఇందుబాయిని సందు చివరికి మోశారు. ఆటోలో ఆమెను పడుకోబెట్టి ప్రణాలి పట్టుకుంటే ఇంకెవరికీ చోటు లేదు. ఇందుబాయి గంగుబాయి కొంగు వదలడం లేదు. గంగుబాయి ఆ వేళ్లను ఒక్కొక్కటే తానే విడదీసింది.

"తీస్కపో బిడ్డా. జల్ది పో."

ఆటో మలుపు తిరిగింది. గంగుబాయి పిడికిలి విప్పి చూసుకుంది. అందులో తాళంచెవి ఉంది.