ఆరో రౌండుకి ముందు నిమిషం

ఆ ఆదివారం పొద్దున ఆకాశం గడ్డం గీసి తుడిచిన గుడ్డలా ఉంది. తెల్లగా నురగ నురగగా మబ్బు, మధ్యలో సన్నటి నల్ల చారలు. వాన పడేదీ కాదు, ఎండ కాసేదీ కాదు. అలాంటి రోజున సెలూనుకి జనం బాగా వస్తారు. నేను మాత్రం షట్టరు ఎత్తలేదు. మధ్యాహ్నం మూడింటికి మా బావమరిదికి బాక్సింగు ఫైటుంది, ఆరు రౌండ్లు.

ముప్ఫై ఏళ్ళుగా చేతిలో కత్తి పట్టుకుని బతుకుతున్నవాణ్ణి. తెగిన చర్మం చూస్తే నాకు కంగారుండదు. ఎక్కడ నొక్కాలి, ఎంతసేపు నొక్కాలి, ఎప్పుడు వదలాలి, నా బొటనవేలికి తెలుసు. సెలూనులో అయితే పటిక రాస్తాను. రింగు దగ్గర పటిక ఒప్పుకోరు, వాళ్ళు చెప్పిన చుక్కలమందే దూదికి అద్ది నొక్కాలి. మందు ఏదైనా పని వేలిదే. ఈ ఒక్క విద్యతోనే, రౌండుకీ రౌండుకీ మధ్య వాడు వచ్చి కూర్చునే మూలలో నాకు చోటు దొరికింది. అక్కడ ఒక స్టూలు, ఒక బకెట్టు, వాడికి చిన్నప్పటినుంచీ బాక్సింగు నేర్పిన డ్రిల్లు మాస్టారు, నేను.

వాణ్ణి అందరూ ఉడత అంటారు. మా ఆవిడకి తమ్ముడు. తల్లి పోయాక మా ఇంట్లోనే పెరిగాడు. బడిలో పెద్ద క్లాసువాళ్ళు ముగ్గురు వాణ్ణి గోడకి నెట్టి కొట్టబోతే ఒక్కరికీ అందలేదట. మాస్టారు వరండాలోంచి చూశాడు. కొట్టబోయినవాళ్ళకి గుంజీలు, వీడికి గ్లవ్సు.

అమెచ్యూరుగా వాడి ఆట చూడటం పండగలా ఉండేది. తలకి దెబ్బ తగలకుండా మెత్తటి టోపీ, ఒంటికి బనీను, మూడు రౌండ్లు. యాభై ఒక్క కిలోల తరగతి. అరవై రెండు ఫైట్లలో యాభై గెలిచాడు. ఆ పతకాలు నా సెలూను అద్దం పక్కన మేకుకి వేలాడేవి. దేశం జట్టుకి ఎంపిక పోటీల్లో ఒక్క మార్కుతో పోయింది. ఆ ఒక్క మార్కు గురించి మాస్టారు నా కుర్చీలో కూర్చుని ఇప్పటికీ చెబుతాడు. సగం గడ్డం గీసి ఉన్నా ఆగడు, నేనే కత్తి ఎత్తి పట్టుకోవాలి.

ఇరవై రెండేళ్ళకి ప్రొఫెషనల్ అయ్యాడు. టోపీ పోయింది, బనీను పోయింది, జనం కూడా పోయారు. పోటీలు నడిపే ఆర్గనైజరు మొదటిరోజే చెప్పాడు. "లావుపాటోడు పడితే చప్పుడవుతుందయ్యా. ఇంతింత మనుషులు కొట్టుకుంటే జనం కాఫీకి లేస్తారు."

ఇక అక్కణ్ణుంచి మంగళవారం ఫోను, ఆదివారం ఫైటు. "యాభై ఒకటికి దిగుతాడా?" అదొక్కటే అడిగేవాళ్ళు. ఎవరో ఒక కుర్రాడి బంధుబలగం టిక్కెట్లు కొనుంటారు, వాడు ఎవరినో ఒకరిని ఓడించాలి. మావాడు తూకంరాయి. అందరినీ వాడి పక్కన పెట్టి తూచి, ముందుకి పంపేవాళ్ళు. ఇరవై ఆరు ఫైట్లు, అయిదు గెలుపులు. ఓడినవాటిలో నాలుగైనా కళ్ళున్నవాడెవడైనా మావాడికే ఇస్తాడు. కానీ ఈమధ్యవి మూడు అలా కావు. మూడూ రెఫరీ మధ్యలో ఆపేసినవి. వరసగా నాలుగోది ఆపేస్తే లైసెన్సు తీసేస్తారని బాక్సింగు బోర్డు నుంచి కాగితం వచ్చింది.

శుక్రవారం సాయంత్రం మా ఆవిడ బట్టలు మడతపెడుతూ అంది. "ఏమండీ, ఈసారి వాడికి చీరుకుంటే అతకొద్దు."

"అదేం మాటే?"

"మొన్న టైర్ల షాపులో పని దిగి వస్తూ మన వీధి మొదట్లో నిలబడిపోయాడు. పైనుంచి చూస్తూనే ఉన్నా. అటు రెండడుగులు వేస్తాడు, ఇటు రెండడుగులు వేస్తాడు. చివరికి పాలబూతు అతన్ని అడిగాడు, మా ఇల్లెటు అని."

"ఆకలి మీదున్నాడు కదా. బరువు దించేటప్పుడు తల తిరగదూ?"

"మీకు తోచిన పేరు పెట్టుకోండి. నాలుగోసారి ఆపితే పంపరని మీరే చెప్పారుగా. ఆపనివ్వండి. మాటివ్వండి నాకు."

ఇచ్చాను. ఇవ్వడం కష్టమనిపించలేదు. ఎలాగూ ఓడిపోయేవాడేగా అనుకున్నాను.

శనివారం బరువు చూసేచోట అవతలి కుర్రాణ్ణి చూశాం. మావాడికంటే జానెడు పొడుగు, పదేళ్ళు చిన్న. కాటా ఎక్కేముందు లాగు కూడా విప్పి, నలుగురు చుట్టూ తువ్వాలు పట్టుకుంటే యాభై ఒకటికి అంటీ అంటకుండా దిగాడు. మావాడు నా చెవిలో అన్నాడు. "బావా, వాడి పెదాలు చూడు."

చూశాను. ఎండిన చెరువు నేలలా పగిలి ఉన్నాయి. నాలుకతో తడుపుకుందామంటే నాలుకా తడిలేదు.

"రేపు మూడో రౌండు నుంచి వీడికి కాళ్ళుండవు. ఇన్నేళ్ళలో ఒక్కసారి నాకో, బరువు కోసం నీళ్ళు మానేసి ఎండిపోయినోడు దొరికాడు."

అక్కడే ఆర్గనైజరు ఎవరితోనో చెబుతున్నాడు, రేపు గెలిచినవాడికి మూడు నెలల్లో ఛాంపియన్ బెల్టు ఫైటని. వాడి లెక్కలో గెలిచేవాడంటే ఆ కుర్రాడే. మావాడు కూడా విన్నాడు. ఇంటిదాకా ఈలవేస్తూ వచ్చాడు. మా ఆవిడ నా మొహం చూసింది. నేను చెప్పులు విప్పడంలో పడ్డాను.

ఫైటు హాల్లో సగం కుర్చీలు కుర్రాడి బంధువులవి. మొదటి రౌండు వాడిది. రెండోది చెప్పలేం. మూడో రౌండులో మావాడన్నట్టే జరిగింది. కుర్రాడి కాళ్ళు బురదలో దిగినట్టయ్యాయి. మావాడు లోపలికి దూరడం, రెండు కొట్టడం, బయటికి రావడం. బనీను రోజుల ఉడత. కాఫీకి లేచినవాళ్ళు నిలబడే చూస్తున్నారు.

నాలుగో రౌండు చివర్లో ఎడమ కనుబొమ్మ మీద కుర్రాడి కుడిచెయ్యి తగిలి, వేలెడు పొడుగున చీరుకుంది. తల తగిలి చీరుకుంటే లెక్క వేరు, మార్కులు చూస్తారు. గుద్దుకి చీరుకుంది కనుక దాన్ని చూసి ఫైటు ఆపితే ఓటమే.

గంట కొట్టగానే వాడు వచ్చి కూర్చున్నాడు. మా ఆవిడ మాట గుర్తు రాలేదని అబద్ధం చెప్పను. గుర్తొచ్చేసరికే నా వేలు పనిలో ఉంది. తుడిచాను, మందు దూది లోపలికి పెట్టాను, ఎముక తగిలేదాకా నొక్కాను. డాక్టరు వచ్చి వంగి చూసి, తలూపి వెళ్ళాడు. నెత్తురు చుక్క లేదు. ముప్ఫై ఏళ్ళలో అంత మంచి పని చేసినట్టు గుర్తులేదు. సిగ్గులేకుండా సంతోషించాను కూడా.

అయిదో రౌండు మొత్తం మావాడిదే. కుర్రాడు తాళ్ళు పట్టుకుని నిలబడ్డాడు. కాకపోతే పాత గాటు మీదే ఇంకో గుద్దు తగిలి మళ్ళీ తెరుచుకుంది.

కూర్చోగానే మాస్టారు వాడి మొహం మీద నీళ్ళు కొట్టాడు. "మనదేరా! కింద పడకుండా ఉంటే చాలు, మనదే!"

"ఇంకా ఎన్ని రౌండ్లు మాస్టారూ?"

"ఒక్కటే. ఆఖరిది."

నేను తుడిచాను. దూది మందులో ముంచాను. వాడు నీళ్ళు పుక్కిలించి బకెట్లో ఉమ్మి, తల ఎత్తాడు.

"ఇంకా ఎన్ని రౌండ్లు మాస్టారూ?"

మాస్టారు వినలేదు. వినలేదో, విననట్టున్నాడో. "చేతులు పైన పెట్టు, చేతులు పైన" అంటున్నాడు. వాడు నావైపు తిరిగాడు. పిల్లాడు లెక్క అడిగినట్టు అడిగాడు. "ఎన్ని బావా?"

"ఒకటిరా" అన్నాను.

దూది నా చేతిలోనే ఉంది. గాటు మీద ఆనించాను. నొక్కలేదు. పైపైన వేజలైను దట్టంగా పూశాను. డాక్టరుకి దూరం నుంచి శుభ్రంగానే కనబడింది. వాడు మాత్రం నా కళ్ళలోకి చూశాడు. నాలుగో రౌండులో ఎముక దాకా నొక్కిన వేలు ఇప్పుడు ఆనీ ఆననట్టు ఉంటే చర్మానికి తెలియదా? "బావా" అన్నాడు. అప్పటికే స్టూలు లాగేశారు.

ఆరో రౌండులో ముప్పావు నిమిషం. నెత్తురు కంట్లోకి దిగింది, మెడ మీదికి దిగింది. కుర్రాణ్ణి కొడుతూనే ఉన్నాడు, ఒక కన్నుతో. రెఫరీ ఆపి డాక్టర్ని పిలిచాడు. డాక్టరు ఈసారి తల అడ్డంగా ఊపాడు.

కుర్రాడి బంధువులు కుర్చీలెక్కి అరిచారు. కుర్రాడు అక్కడే కూలబడి ఏడ్చాడు, గెలిచినందుకు. ఇంకొక్క నిమిషం ఉంటే నిలబడేవాడు కాదు.

బట్టలు మార్చుకునే గదిలో డాక్టరు తొమ్మిది కుట్లు వేశాడు. మాస్టారు బయట ఎవరితోనో గొడవపడుతున్నాడు, నెత్తురుకే ఆపేస్తే ఇది బాక్సింగా అని. డాక్టరు వెళ్ళాక వాడు అడిగాడు.

"గెలుస్తున్నాను కదా బావా?"

"గెలుస్తున్నావు."

"నీకు తెలుసా అది?"

"తెలుసు."

"మరి?"

ఎన్ని రౌండ్లని మళ్ళీ మళ్ళీ అడిగావురా, అని చెప్పొచ్చు. చెబితే, ఎప్పుడు అడిగాను అంటాడు. అప్పుడు నేనేం చెయ్యను? సంచి సర్దాను.

"అక్క అడిగిందా?"

"చేసింది నేను."

"ఇలాంటి ఫైటు కోసం పద్నాలుగేళ్ళు ఆగాను బావా" అన్నాడు. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతే పెట్టబోయాను. నా చెయ్యి పక్కకి తోసి, తనే ఒకదానికొకటి తప్పుగా పెట్టుకున్నాడు.

మేం ఇంటికొచ్చేసరికి ఇంకా వెలుగుంది. మా ఆవిడ తలుపు తీసి, కుట్లు చూసి, నన్ను చూసింది. లోపలికి వెళ్ళి మూడు కంచాలు పెట్టింది. అన్నం, గుడ్ల కూర. వాడికి ఎన్నడూ పెట్టనంత పెట్టింది.

నా పక్కన ఖాళీ ఉన్నా వాడు ఎదురుగా కూర్చున్నాడు. కుట్లు వేసిన వైపు నాకు కనబడేట్టు కాస్త తిరిగాడు. ముద్ద కలిపి, దవడ నొప్పికి మెల్లగా నమిలాడు. మా ఆవిడ మళ్ళీ వడ్డించబోతే వద్దనలేదు. ఆమె కూడా కూర్చుంది. ముగ్గురం తల వంచుకుని, కంచాల్లో ఉన్నదంతా తిన్నాం.