రెండింతల సాయం

వరద వస్తే మా ఇంట్లో మొదట మునిగేది మగ్గం గుంట. నేసేటప్పుడు కాళ్ళు పెట్టుకోవడానికి తవ్వుకున్నది కదా, వీధిలో బురదంతా అందులోకే దిగుతుంది. మొన్నటి వరదకు గుంట నిండడమే కాదు, గోడ కూలి మగ్గం కూడా ముక్కలైంది.

"పోయిన వరదకు ఐదువేలిచ్చాం, ఇప్పుడు పదివేలు. రెండింతల సాయం!" అని ఊళ్ళో పెట్టిన సభలో ఒక పెద్దమనిషి మైకులో చెప్పాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మా నాయన మద్దయ్య. పదహారేళ్ళ కిందట ఆ ఐదువేలతోనే మగ్గం నిలబెట్టి, నూలు కూడా కొనుక్కున్నాడాయన.

"ఐదువేలకు ఒగ మగ్గం వచ్చె. పదివేలకు రెండు రావాల గదా? ఒగటి నీకే పవిత్రా" అన్నాడు.

నాకు సొంత మగ్గం! కర్నూలు బట్టల కొట్లో పనికి వస్తానన్నదాన్ని, రానని ఫోన్ చేసేశాను. వాళ్ళు ఆ రోజే ఇంకో పిల్లను పెట్టుకున్నారు.

"ముందు దుడ్లు చేతికి రానీ" అంది అమ్మ. నాయన వింటేనా? ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, శుక్రవారం పూట పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, రెండు గుంటలు తవ్వాడు. ఒకటి నా కాళ్ళ పొడవు కొలిచి మరీ తవ్వాడు.

డబ్బు పడ్డాక వడ్రంగి హరినాథ్ దగ్గరికి పోయాం.

"ఒగ మగ్గానికి ఇరవైవేలవుతుందప్పా" అన్నాడతను.

"అప్పుడు నాలుగువేలకే చేసిస్తివి గదప్పా!"

"అప్పటి కొయ్య ధర యాడుండాది? నా కూలి మాత్రం అట్లే ఉంటుందా?"

మర్నాడు నాయన షావుకారు అయ్యన్న ఇంటికి పోయి, ఆయన మగ్గం మీద కూలికి నేస్తానని ఒప్పుకొచ్చాడు. సొంత మగ్గం మీద తలెత్తుకుని బతికిన మనిషి. పదివేలు గోడకే చాల్లేదు.

వారం తర్వాత మైకు పెద్దమనిషి ఫొటోలు తీసేవాళ్ళతో మా ఇంటికొచ్చాడు. రెండు గుంటలు చూసి ముఖం వెలిగిపోయింది.

"ముందు ఒక మగ్గమే కదా? చూశారా, సాయం రెండింతలైతే మగ్గాలూ రెండింతలు! పాపా, గుంటలో కూర్చో. నవ్వాలి."

నాకు ఒళ్ళు మండిపోయింది. నాయన వైపు చూశాను.

"రెండింతలు అందింది కదా మద్దయ్యా?" అన్నాడాయన.

నాయన చేతులు జోడించాడు. "అందింది సామీ."

అబద్ధమేమీ కాదు. నేను గుంటలో కాళ్ళు దించి, నవ్వాను.

కార్లు కదిలాక, లేపమని చెయ్యి చాచాను. నాయన చూడలేదు. గుంట పూడ్చడానికి పార కోసం పోయాడు.