కుంటి సజ్జ

కుంటి సజ్జను నాశనం చేసింది తమ్ముడే. అందులో వాదించాల్సింది ఏమీ లేదు.

ఆ సజ్జ అన్నగారి భార్య చేతి పంట. చేనంతా ఎండిపోయాక రాళ్ల మూలకు వెళ్లి, అక్కడ ఇంకా పచ్చగా నిలబడ్డ మొక్కకు ఆవిడ దారం కట్టేది. దాని గింజలే మళ్లీ విత్తనం. బారెడు కంకుల వైపు కన్నెత్తి చూసేది కాదు.

"మా వదిన గుర్రాల్ని వదిలేసి కుంటి గాడిదల్ని పోగేస్తోంది" అని తమ్ముడు ఎగతాళి చేసేవాడు. చివరికి ఆ పేరే స్థిరపడింది. పొట్టి మొక్క, వేలెడు కంకి. రెండు వానలు పడితే చాలు, గింజ కట్టేది. కరువు ఏడు రెండిళ్లలోనూ పొయ్యి వెలిగింది దానివల్లే.

సజ్జ పూతకొస్తే పుప్పొడి గాలికి లేచి పక్క చేలో పడుతుంది. రెండు రకాలు కలిసిపోతాయి. అందుకని ఆవిడ విత్తిన నెలకు గానీ గట్టు అవతల తమ్ముడు తన పెద్దకంకి సజ్జ విత్తేవాడు కాదు. వదినంటే హడలు.

చలికాలంలో ఆవిడ పోయింది. డబ్బాలో మిగిలిన విత్తనమంతా ఆయన తొలకరికి చల్లేశాడు. అదే వారం తమ్ముడూ విత్తాడు. దిగులులో గట్టు వైపే వెళ్లని ఆయనకు ఆ సంగతి పూత వేళకు గానీ తెలియలేదు. గట్టు మీదికి పరుగెత్తాడు.

"ఏరా, నెల ఆగాలన్న మాట ఏమైంది?"

"అది వదిన మాట అన్నయ్యా. ఇప్పుడు వదినే లేదు కదా."

"విత్తనం ఉందిరా! గట్టు పక్క వరుసలైనా కోసెయ్. ఆ నష్టం నా పంటలోంచి పూడుస్తాను."

"వేలెడు కంకులతోనా?" తమ్ముడు పగలబడి నవ్వాడు. ఆ నవ్వుతున్న తల మీదుగానే పుప్పొడి గట్టు దాటుతోంది.

ఆయన సిమెంటు సంచుల కాగితం చించి కంకులకు తొడిగాడు. ఒంటి మనిషి, ఎన్నింటికని తొడుగుతాడు? తొడిగినవి వానకు తడిసి బూజు పట్టాయి.

మరుసటి ఏడు ఆ పంట గింజలే విత్తితే మొక్కలు ఏపుగా లేచాయి. చేను కళకళలాడుతోందని దారినపోయేవాళ్లు మెచ్చుకుంటుంటే ఆయనకు ఒళ్లు మండేది. రెండో వాన తర్వాత మబ్బు మొహం చాటేసింది. కంకులు బయటికి రాకుండా పొట్టలోనే మాడిపోయాయి. రాళ్ల మూలంతా గాలించాడు. పచ్చగా ఒక్కటీ లేదు.

తమ్ముడు సంచి పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"అన్నయ్యా, వదిన పాత గింజలు ఎక్కడైనా గుప్పెడు మిగిలాయేమో చూడవూ. వచ్చే ఏడు నువ్వు చెప్పినప్పుడే విత్తుతాను."

ఆయన డబ్బా తెచ్చి తమ్ముడి దోసిట్లో బోర్లించాడు. దుమ్ము రాలింది.

"తప్పయిపోయింది అన్నయ్యా."

ఆయన లోపలికి వెళ్లి, తన తిండికి దాచుకున్న నిరుటి కలగలుపు గింజల్లో సగం ఆ సంచిలో పోశాడు.

"ఇవి పిల్లలకి. ఆ సజ్జ ఊసు మాత్రం నేనింక చచ్చేదాకా ఎత్తను. నా గుమ్మంలో నువ్వూ ఎత్తకు. ఇక వెళ్లు."