చేతులు జోడించి వద్దన్నాం

మా నాయన అంటుంటాడు, మా కామాక్షికి కోపం ముక్కు మీద ఉంటుంది, బుర్ర మోకాల్లో ఉంటుంది అని. నెల్లూరు జిల్లా సంగంలో వరి పండించే మనిషి, ఆయన మాటలు అట్టే ఉంటాయి. నలభై మూడేళ్ళొచ్చినా ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. కానీ పోయిన నెల నేను చేసిన పని తల్చుకుంటే, పాపం ఆయన తగ్గించే చెప్పినాడనిపిస్తుంది.

అల్లూరు అవతల, సముద్రానికి రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న హైస్కూల్లో నేను సైన్సు టీచర్ని. గైడ్స్ దళానికి కెప్టెన్ని కూడా నేనే. పద్దెనిమిది మంది ఆడపిల్లలు. ప్రతి సోమవారం నోటీసు బోర్డు మీద నా ప్రకటన పడాల్సిందే. "శనివారం సేవా కార్యక్రమం. యూనిఫాం ఉతికి, స్కార్ఫ్ ఇస్త్రీ చేసి ఉండవలెను. గోళ్ళు కత్తిరించుకొనవలెను. సాకులు చెప్పరాదు." తోటి టీచర్లు నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనీ. వాళ్ళ క్లాసుల్లో పిల్లలు చెట్లెక్కుతుంటారు, నా పిల్లలు విజిల్ వేస్తే గీత గీసినట్టు నిలబడతారు.

ఆ పద్దెనిమిది మందిలో మహాలక్ష్మి ఒక్కతే పాళెం పిల్ల. పాళెం అంటే ఒడ్డు మీద వలలేసే వాళ్ళ పల్లె. అక్కడ ఆడపిల్లల్ని ఐదో తరగతి దాటి పంపేది అరుదు. తండ్రి సముద్రంలో పోయినాడు, తల్లి తలమీద గంప పెట్టుకొని ఊళ్ళు తిరిగి చేపలమ్ముతుంది, తాత మాలకొండయ్య, అవ్వ పోలేరమ్మ పట్టుబట్టి ఈ పిల్లని పదో తరగతి దాకా లాక్కొచ్చినారు. ఏ ముడి వెయ్యమన్నా కళ్ళు మూసుకొని వేస్తుంది. గైడ్స్‌కు గవర్నరిచ్చే రాజ్య పురస్కార్ పరీక్షా శిబిరానికి మా బడి నుంచి నలుగురిని పంపాలంటే మొదట రాసింది దాని పేరే. ఆరో తరగతి నుంచీ ఆ శిబిరం కోసం కాచుకొని ఉన్న పిల్ల. ఈ ఏడాది తప్పితే ఇంక దానికి అవకాశం లేదు.

ఆ శనివారం ఒడ్డు శుభ్రం చెయ్యడానికి పాళెం పోయినాం. బయల్దేరే ముందు పిల్లలకు ఒక పాఠం బాగా నూరిపోసినా. సేవకు ప్రతిఫలం తీసుకోగూడదు. ఎవరన్నా ఏమన్నా ఇస్తే రెండు చేతులూ జోడించి, "వద్దండీ, ఇది మా సేవ" అనాలి. క్లాసులో నాలుగుసార్లు చేయించినాను కూడా. 

ప్లాస్టిక్ సీసాలు, తెగిన వల ముక్కలు ఏరి పన్నెండు సంచులు నింపినాం. అప్పుడే పక్కన మాలకొండయ్య వాళ్ళు పెద్ద వల ఒడ్డుకు లాగుతున్నారు. మనుషులు చాల్లేదు. "పాపల్లారా, తలా ఒక చెయ్యి ఎయ్యండమ్మా" అన్నాడు ముసలాయన. ఇంతకు మించిన సేవ ఏముంది? విజిల్ వేసినా. పద్దెనిమిది మందీ తాడు పట్టుకున్నారు. నేనూ కొంగు దోపుకొని పట్టినా. అరగంటకు వల ఒడ్డు చేరింది. నెత్తళ్ళు, కానాగంతలు తళతళా ఎగురుతున్నాయి. పిల్లలు ఎగిరింది ఇంకా ఎక్కువ.

మాలకొండయ్య గంప తీసుకొని వచ్చినాడు. తాడు పట్టిన ప్రతి మనిషికీ దోసెడు చేపలు వాటా ఇవ్వడం ఒడ్డు మీద ఆనవాయితీ. మొదట భానుప్రియ ముందు నిలబడినాడు. భానుప్రియ నేను నేర్పినట్టే చేతులు జోడించి, "వద్దు తాతా, ఇది మా సేవ" అనింది. పక్కన సాయిలక్ష్మి, అదే మాట. ఆ పక్కన చెంచులక్ష్మి. వరసగా పదిహేడు మంది, ఒక్క చెయ్యి కూడా కదలకుండా. తర్వాత నేను. నేనూ నమస్కారం పెట్టి వద్దన్నా.

ముసలాయన ముఖం మాడిపోయింది. ఒడ్డున చేపలు ఏరుతున్న ఆడవాళ్ళు మాటలాపేసినారు. ఒకామె నోటి మీద చెయ్యేసుకుంది. నేనేమనుకున్నానో చెప్పమంటారా? నా పిల్లల క్రమశిక్షణ చూసి అవాక్కయినారనుకున్నా! ఛాతీ రెండంగుళాలు పొంగింది నాకు. సిగ్గులేదా కామాక్షీ అని ఇప్పుడు నన్ను నేనే తిట్టుకుంటుంటా.

అప్పుడు వరస చివర నుంచి మహాలక్ష్మి ముందుకొచ్చింది. మెడలో స్కార్ఫ్ విప్పి, జోలెలాగా పట్టుకొని తాత ముందు నిలబడింది. తన పేరు చెప్పింది, ఒక దోసెడు పోసినాడు. తర్వాత గట్టిగా, "భానుప్రియ!" అనింది. ఇంకో దోసెడు. "సాయిలక్ష్మి!" ఇంకో దోసెడు. అచ్చం నేను హాజరు పిలిచే గొంతు. పిల్లలు కిసుక్కున నవ్వినారు. నాకు తల తిరిగిపోయింది. నన్ను వెక్కిరిస్తోంది, పైగా అందరి వాటా తనే మూట కట్టుకుంటోంది, అదీ స్కార్ఫ్‌లో!

"ఆపు!" అని అరిచినా. ఆపలేదు. విజిల్ వేసినా. అప్పుడూ ఆపలేదు. నా వైపు చూడకుండా పేర్లు చెబుతానే ఉంది. పోయి స్కార్ఫ్ లాగేసినా. చేపలన్నీ ఇసుకలో పడినాయి. "ఆశకు హద్దుండాల మే! ప్రతిజ్ఞ చేసిన నోరేనా అది? ఇంక ఈ గుడ్డ నువ్వు కట్టుకోబల్లేదు" అన్నా, అందరి ముందరా. ఆ పిల్ల మోకాళ్ళ మీద కూర్చొని ఒక్కొక్క చేపా ఏరుకుంటా ఉంది. మేం వచ్చేసినాం.

సోమవారం ప్రకటన పెట్టినా. "క్రమశిక్షణ ఉల్లంఘించినందున పదో తరగతి మహాలక్ష్మి పేరు శిబిరం జాబితా నుండి తొలగించడమైనది." కింద నా సంతకం, దాని కింద రెండు గీతలు.

ఆ రోజు మహాలక్ష్మి బడికి రాలేదు. అలిగిందిలే అనుకున్నా. మంగళ, బుధ కూడా రాలేదు. గురువారం హాజరులో దాని పేరు దగ్గర ఆగిపోయినా. పాళెం ఆడపిల్ల ఒకసారి బడి మానిందంటే మళ్ళీ గడప తొక్కదు, పదేళ్ళుగా చూస్తున్నా. కోపం ఎటు పోయిందో పోయింది. శుక్రవారం సాయంత్రం లోపల జాబితా నెల్లూరికి పోవాలి. బడి విడవగానే స్కూటీ వేసుకొని పాళెం పోయినా.

పోలేరమ్మ ఇంటి ముందర నెత్తళ్ళు ఎండబోస్తోంది. నన్ను చూసి కూర్చోమనలేదు. మాలకొండయ్య అరుగు మీదనే ఉన్నాడు, తల తిప్పుకున్నాడు. పిల్ల లోపల ఉందని తలుపు సందులో కనబడిన లంగా చెబుతోంది.

"పిల్లని బడికి పంపండమ్మా. చేపల కోసం అంత..." అని మొదలుపెట్టినా.

"చేపల కోసమా?" అని లేచి నిలబడింది పోలేరమ్మ. "మేడం, ఈ ఒడ్డున తాడు పట్టినోళ్ళు వాటా వద్దని చేతులు జోడించేది ఎప్పుడో నీకు తెలుసా?"

తెలియదన్నా.

"ఇంట్లో మనిషిని సముద్రం తీసకపోతే. దినాలయ్యేదాకా ఆ ఇంటోళ్ళు వల లాగుతారు గానీ వాటా ముట్టరు. రెండు చేతులూ జోడించి వద్దంటారు. నా కొడుకు పోయినప్పుడు నేనూ నా కోడలూ అట్టే నిలబడినాం. మళ్ళీ మొన్న చూసినా. బంగారట్టాంటి బిడ్డలు, పదిహేడు మంది, వరసగా నిలబడి చావింటోళ్ళ మాదిరి వద్దు వద్దంటా ఉంటే నా పేగులు తెగినాయమ్మా."

ఎవరూ కూర్చోమనకపోయినా నేను అరుగు అంచున కూర్చున్నా.

"చావు లేని ఇంటోళ్ళు అట్టా వద్దంటే కీడు. పేరు పిలిచి ఆ వాటా ఇంకొకరు పుచ్చుకుంటే కీడు పోతుందని మా నమ్మకం. అందుకనే అది అందరి పేర్లూ పిలిచింది. నువ్వు ఇసకలో పడేస్తే ఒక్కటి వదలకుండా ఎందుకేరిందనుకున్నావు? ఒక్క చేప పోయినా ఏ బిడ్డ వాటానో అది!"

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు గదమ్మా."

"ఒడ్డు మీద నిలబడి ఆ మాట నోటితో అంటారా ఎవరన్నా? చెడ్డ మాట అనగూడదని నోరు కుట్టుకునింది. నువ్వేమో దొంగని పట్టినట్టు పట్టినావు."

సైన్సు టీచర్ని కదా, ఇవన్నీ మూఢనమ్మకాలమ్మా అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసినా. మంగళవారం మంచిది కాదని కొత్త స్కూటీ ఇంటికి తెచ్చుకోవడం ఒకరోజు వాయిదా వేసుకున్నదాన్ని, నాకేం మొహముంది? సంచిలో నుంచి స్కార్ఫ్ తీసి, "తప్పయింది, ఇది పిల్లకివ్వండి" అన్నా.

అప్పటిదాకా పలకని మాలకొండయ్య నోరు విప్పినాడు. "నలుగురిలో తీసినారు. నలుగురిలోనే ఇయ్యండి. ఇంటికొచ్చి గుట్టుగా ఇస్తే మేం పుచ్చుకోం."

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. పెళ్ళయి ఇరవై ఏళ్ళలో మా ఇంటాయనకు ఒక్కసారి కూడా తప్పయిందని చెప్పిన మనిషిని కాను నేను. ఇప్పుడు మూడు వందల మంది పిల్లల ముందర, నన్ను చూసి నవ్వుకునే టీచర్ల ముందర చెప్పాలి. హెడ్మాస్టరుతో చెప్పి ఊరకే పేరు చేర్చేస్తే పోదా అని కూడా అనిపించింది, అబద్ధమెందుకు. కానీ తలుపు సందులో ఆ లంగా అంచు కళ్ళముందు నుంచి పోలేదు.

శుక్రవారం అసెంబ్లీకి మహాలక్ష్మి వచ్చింది. వరస చివర, ఉత్త మెడతో నిలబడింది. ప్రకటన రాసుకున్న కాయితం మడిచి పెట్టేసినా.

"పోయిన సోమవారం నేను పెట్టిన ప్రకటన తప్పు" అన్నా. "మహాలక్ష్మి ఏ నియమమూ తప్పలేదు. ఒక ఊరికి పోయి, ఆ ఊరి పద్ధతేందో అడగకుండా మీకు నేర్పించింది నేను. మనం ఆ ఒడ్డు మీద పెద్దవాళ్ళను ఏడిపించినాం. మనందరి తరఫునా మర్యాద నిలబెట్టింది ఆ పిల్ల. దాన్ని నలుగురిలో అవమానించినా. అందుకు నలుగురిలోనే క్షమాపణ అడుగుతున్నా. జాబితాలో మొదటి పేరు మళ్ళీ దానిదే."

ఎవరూ నవ్వలేదు. మహాలక్ష్మిని పిలిచి మెడలో స్కార్ఫ్ కట్టినా. మూడు వేళ్ళతో సెల్యూట్ చేసి పోయి తన చోట నిలబడింది. ఆ పిల్ల ముఖంలో కోపమూ లేదు, సంతోషమూ కనబడలేదు. అది నన్ను కుదురుగా ఉండనివ్వలేదు.

మధ్యాహ్నం జాబితా మీద దాని సంతకం కావలసి స్టాఫ్ రూముకు పిలిపించినా. వచ్చి, గుండ్రటి అక్షరాలతో సంతకం చేసింది.

"ఒక మాట అడుగుతా, నిజం చెప్పు. నువ్వు నమ్ముతావా ఇదంతా?" అన్నా.

తల అడ్డంగా ఊపింది. "లేదు మేడం. సైన్సులో తొంభై రెండు మార్కులు మీరే వేసినారు గదా."

"మరి అన్ని తిట్లు తింటా ఆ పేర్లెందుకు పిలిచినావు?"

"ఒకవేళ నిజమైతే?" అనింది నెమ్మదిగా. కింద చూస్తా చెప్పింది. "మీ పేరు పిలవబోతుంటేనే మీరు గుడ్డ లాగేసినారు మేడం. అదొక్కటి మిగిలిపోయింది. మీరందరూ వెళ్ళిపోయినాక తాతని మళ్ళీ అడిగినా. ఆమె వాటా ఎందుకే అని తాత కోప్పడినాడు. బతిమాలి పోయించుకున్నా, కామాక్షి మేడం అని గట్టిగా చెప్పి."

"నేను నిన్ను అంతలా తిట్టినాక కూడానా?" అన్నా.

"తిట్టినారని ఒక్కర్ని వదిలేస్తామా మేడం?" అనింది, నాకు ఆ మాత్రం తెలియనందుకు ఆశ్చర్యపోతా.

అసెంబ్లీలో రాని ఏడుపు అప్పుడొచ్చింది నాకు. పక్కన లెక్కల సారు దిద్దుతున్న కాయితాలు పక్కనపెట్టి చూస్తున్నాడు, చూడనీ అనుకున్నా. బెల్లు కొట్టినారు. తొమ్మిదో తరగతి పిల్లలు నాకోసం ఎదురుచూస్తుంటారని తెలిసీ, చాలాసేపు ఆ కుర్చీలో నుంచి లేవలేకపోయినా.