ఇళ్ళు మార్చుకున్న వర్షాకాలం

నేను ఒక కుర్చీని. కింద ఐదు చక్రాలు, వీపుకు నల్లటి జాలీ. చెన్నై పొలిమేరల్లోని ఒక కర్మాగారంలో నావంటివే వందల కొద్దీ తయారయ్యాయి. మమ్మల్ని విశాఖపట్నంలో కొండ మీది ఒక కంప్యూటర్ కంపెనీ కొనుక్కుంది. అక్కడ నాలో కూర్చున్న కుర్రాళ్ళు పక్కపక్కనే ఉండి కూడా తెరల మీదే మాట్లాడుకునేవారు. ఒకనాడు ఆ కంపెనీ మూతపడింది. మనుషుల్ని ఫోన్లో ఒక సందేశంతో పంపేశారు. మమ్మల్ని పంపడానికి మాత్రం లారీలు తెప్పించారు.

అలా నేను లాసన్స్ బే కాలనీలో కిరీటి, వైదేహి అనే దంపతుల ఇంటికి చేరాను. ఇద్దరివీ ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగాలే. సముద్రం కనిపించే గదిలో నన్ను వేసి, ఆ సముద్రానికే వీపు పెట్టి పనిచేసుకునేవారు. కొన్నాళ్ళకు గది మొహం మొత్తింది. పని ఎక్కడినుంచైనా చేసుకోవచ్చు కదా అని, ఇళ్ళు మార్చుకునేవాళ్ళ బృందం ఒకదానిలో చేరారు. మా ఇంట్లో మీరుండండి, మీ ఇంట్లో మేముంటాం, అద్దె ప్రసక్తి లేదు, మొక్కలకు నీళ్ళు పోస్తే చాలు. ఇదీ ఏర్పాటు.

ఆ వర్షాకాలం వాళ్ళు మదనపల్లెలోని ఒక ఇంటికి వెళ్ళారు. ఆ ఇంటాయన ఓబులేశు ఇక్కడికి వచ్చాడు. యాభై దాటిన మనిషి, పెళ్ళి చేసుకోలేదు. ఎక్కడో ఉన్న కంపెనీకి వంతెనల నక్షాలు గీసి పంపేవాడు. వచ్చిన రోజే నన్ను కిటికీ వైపు తిప్పుకున్నాడు. సముద్రాన్ని చూస్తూ పనిచేసినవాడు ఆ ఇంట్లో అతనొక్కడే.

మనుషుల్ని నేను బరువును బట్టి గుర్తుపడతాను. మొదట్లో నిండుగా కూర్చున్న ఓబులేశు, వారాలు గడిచేకొద్దీ తేలికవుతూ వచ్చాడు. ఇంట్లో వంటా పనీ చేసే పైడమ్మ కూడా అది గమనించింది.

"ఏటి బాబూ, రోజూ అన్నం ఒగ్గేస్తన్నారు. నా వంట నచ్చట్లేదేటి?"

"వంటకేమమ్మా, బాగుంది. నాకే ఆకలి ఉండదు."

"మీకెవులూ లేరా?"

ఓబులేశు సముద్రం వైపు చూస్తూ చెప్పాడు. "అక్క ఉంది. మా ఇంటి వెనక వీధే. అమ్మ పోయేటప్పుడు నేను ఇట్లే యాడనో ఒకరింట్లో ఉండా. పనిలో ఉండి ఫోను మూసి పెట్టినా. పోయేతలికి అంతా అయిపోయింది. అందరి ముందరా అక్క అనింది, ఇంక నా గడప తొక్కద్దు అని. ఆపొద్దునుంచి మా వాకిట్లోనే పోతాది, తల తిప్పి చూడదు. అది చూస్తా ఆడ ఉండలేక ఇట్ల ఊర్లు తిరగతా ఉండా."

పైడమ్మ చెంబుతో మంచినీళ్ళు తెచ్చి అతని పక్కన పెట్టింది.

వైదేహి ఆదివారాలు కంప్యూటర్ తెర మీద కనిపించి, అక్కడి మొక్కల సంగతి చెప్పి, ఇక్కడి మొక్కల సంగతి అడిగేది. ఒక ఆదివారం మాటల మధ్యలో అంది.

"మీ వీధుల్లో మంచివాళ్ళున్నారండీ. మొన్న ఎవరో డబ్బా నిండా ఓళిగలు, అదే మన బొబ్బట్లు, పంపారు. తెచ్చిన అమ్మాయి గుమ్మంలో పెట్టేసి వెళ్ళిపోయింది, ఎవరు పంపారో తెలియలేదు. మేం తినేశాం, ఏమనుకోకండి."

ఓబులేశు నా చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు.

"బెల్లం ఎక్కువుండిందా?"

"అవునండీ, కాస్త ఎక్కువే. మీకెలా తెలుసు?"

"మా కాడ కొందరు అట్లే చేస్తారులేమ్మా. తిన్నారు కదా, మంచిది."

తెర ఆరిపోయాక కూడా అతను లేవలేదు. ఫోన్ తీసి, అక్క నంబరు దాకా వెళ్ళి, మళ్ళీ పక్కన పెట్టాడు. మర్నాడు పైడమ్మ వడ్డించిందంతా తిన్నాడు. సంగతేమిటని ఆమె అడిగితే, ఆ ఓళిగలు అక్కవేనని చెప్పాడు.

"అయితే ఎల్లిపోండి బాబూ. అక్క కాడికి ఎల్డానికి ఎవుల్నడగాల?"

"ఇంట్లో వాళ్ళుండారమ్మా. నెలాఖరు దాకా మాటిచ్చినా. మధ్యలో లేపితే ఏం బాగుంటాది? ఇది ఫోన్లో చెప్పేది గాదు. పోయి వాకిట్లో నిలబడాల."

మనుషుల మర్యాద నాకు ఎప్పుడూ అంతుపట్టలేదు. సొంత అక్క పిలుపును ఆపి ఉంచి, ముఖాముఖి ఎన్నడూ చూడని ఇద్దరి సౌకర్యాన్ని ముందు నిలిపాడు. అయినా ఆ రోజులు బాగున్నాయి. పని చేస్తూ సన్నగా ఏదో పాడుకునేవాడు. దుకాణానికి వెళ్ళి అక్కకు ఒక చీర తెచ్చాడు. రంగు బాగుందా అని పైడమ్మను అడిగి, బాగుందన్నాక కూడా మళ్ళీ మళ్ళీ విప్పి చూసుకున్నాడు.

నెలాఖరు దగ్గర పడింది. ఆ ఉదయం ముసురు పట్టి ఉంది. ఓబులేశు కంపెనీవాళ్ళతో సమావేశంలో ఉన్నాడు. ఒక వంతెన స్తంభం గురించి చెబుతూ మాట మధ్యలో ఆగాడు. గుండె మీద చెయ్యి వేసుకుని నా వీపుకు చేరగిలబడ్డాడు. అతని బరువంతా ఒక్కసారిగా నా మీదికి వచ్చింది. ఎవరూ అలా పూర్తిగా నాలో కూర్చోలేదు.

తెరలోంచి ఎవరో అన్నారు. "ఓబులేశు గారి వీడియో ఆగిపోయినట్టుంది. అక్కడ నెట్ బాగాలేదేమో. మనం కానిద్దాం."

వాళ్ళు కానిచ్చారు. సమావేశం ముగిసి ఒకరొకరే తెర మీదినుంచి తప్పుకున్నారు. నాకు చక్రాలున్నాయి గాని గొంతు లేదు. పైడమ్మ వచ్చేదాకా అతన్ని పట్టుకుని ఉండడం తప్ప నేను చేసింది లేదు.

ఆమె ఫోన్ చేస్తే వైదేహి నమ్మలేకపోయింది. అతని అక్క వెనక వీధిలోనే ఉందని పైడమ్మే చెప్పింది. అక్కడివాళ్ళను అడుగుతూ వైదేహి ఆ ఇంటికి వెళ్ళింది. ఆ అక్క పేరు చెన్నమ్మ. కిరీటి, వైదేహి ఆమెను కారులో విశాఖ తీసుకొచ్చారు. అంత్యక్రియలు ఇక్కడే జరిగాయి.

అవి ముగిశాక చెన్నమ్మ ఈ గదిలోకి వచ్చింది. పైడమ్మ చీర తెచ్చి చేతికిచ్చింది. ఆమె దాన్ని విప్పలేదు. నా అంచున కూర్చుని వైదేహితో అంది.

"మీరు ఉండారని నాకు తెలీదమ్మా. సాయంత్రమైతే ఆ కిటికీలో లైటు ఎలగతా ఉంటే మావోడే అనుకుంటిని. తలుపు తట్టడానికి మొగం చెల్లక ఓళిగలు పంపిస్తిని. మర్నాడు డబ్బా కడిగి గడప కాడ పెట్టుంటే పిల్ల ఎత్తకొచ్చె. తిన్నాడు, ఇంక వస్తాడులే అని వాకిట్లో కూర్చుంటా ఉంటి."

"డబ్బా కడిగి గుమ్మంలో పెట్టింది నేనేనండీ," అంది వైదేహి. "కానీ ఆయనకు చెప్పాను. మీరే పంపారని ఆయనకు అర్థమైంది."

"తెలిసి కూడా ఎందుకు రాల్యా?"

"ఇంట్లో మేమున్నామని. మమ్మల్ని మధ్యలో లేపడం ఇష్టం లేక ఆగారట."

చెన్నమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "నా ఇల్లు లేదా వానికి?"

పైడమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి చెన్నమ్మే వైదేహి చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. "నువ్వేం చేస్తావులే బిడ్డా. గడప తొక్కద్దనింది నేను గదా," అంది.

ఆ తర్వాత కిరీటి, వైదేహి ఆ బృందంలోంచి తప్పుకున్నారు. వైదేహి నాలో మళ్ళీ కూర్చోలేదు. కిరీటి ప్రయత్నించాడు. పని మధ్యలో ఉన్నట్టుండి లేచి నిలబడేవాడు. చివరికి నన్ను ఆటోలో వేసి పాత సామాన్ల దుకాణానికి పంపారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు.

ఇప్పుడు దుకాణం వెనుక రేకుల కింద ఉన్నాను. వానకు ఇనుము తుప్పు పడుతోంది. కొనడానికి వచ్చినవాళ్ళు కూర్చుని ఒకసారి గిర్రున తిరిగి, ఇది ఎవరిదని అడుగుతారు. "ఆఫీసుదండీ," అంటాడు దుకాణదారు. అదీ నిజమే కాబట్టి అతన్ని తప్పుపట్టలేను. నిన్న ఒకతను ఎత్తు పెంచుదామని పక్కనున్న మీట లాగి చూశాడు. నేను లేవలేదు. నన్ను గోడ వైపు నెట్టి, మరో కుర్చీ చూసుకున్నాడు.