నా మొదటి హారతి

"హారతి నువ్వే ఇయ్యి బిడ్డా, కొత్త కోడలి చెయ్యి మంచిది" అంటూ అత్తయ్య లక్ష్మీనర్సమ్మ నా చేతిలో పళ్లెం పెట్టారు. పెళ్లయి కాకినాడ నుంచి నాచారం వచ్చిన ఈ రెండు నెలల్లో ఆ పళ్లెం నా చేతికి రావడం అదే మొదలు. కొత్త గాజులు అంచుకు తగిలి గలగలమంటే ఎంత సంబరపడ్డానో! మా ఆయన దయాకర్ వైపు చూసి నవ్వాను కూడా.

పూజ ఆక్సిజన్ మిషన్‌కు. దాని పక్కనే ఉన్న, ఉన్నచోటే తొక్కే సైకిల్‌కు.

మావయ్య పోశయ్యగారు ఇరవై ఎనిమిదేళ్లు రాతిపొడి ఫ్యాక్టరీలో పనిచేశారు. ఇప్పుడు మంచం దగ్గరి నుంచి బాత్రూమ్‌కు వెళ్లేలోపు రెండుసార్లు గోడ పట్టుకుని ఆగుతారు. ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి, మిషన్ రెండు లీటర్ల మీదే ఉంచండి, ఓపికున్నంత మేర మెల్లగా నడిపించండి అన్నారు డాక్టర్. ఉప్పల్ థెరపీ సెంటర్ వాళ్లేమో ఐదు మీద పెట్టి, మాస్క్‌తో రోజూ పావుగంట సైకిల్ తొక్కితే నలభై రోజుల్లో మిషనే అక్కర్లేదన్నారు.

"డాక్టర్ చేతులెత్తేసిండు. అయితదనేది వీళ్లొక్కరే. నేనెవరి మాట వినాలె, కీర్తనా?" అని నన్నడిగిన దయాకర్, చివరికి సైకిల్ తెచ్చేశాడు.

మావయ్య కోరిక పెద్దదేం కాదు. వీధి చివర చాయ్ దుకాణం దాకా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడవాలి.

అత్తయ్య సైకిల్‌కు పసుపు కుంకుమలు పెట్టి, పెడల్ కింద నిమ్మకాయ ఉంచారు.

"గిది యాడికి వోతదే అమ్మా, నిమ్మకాయ ఎందుకు?" అన్నాడు దయాకర్.

"అది పోదు. మీ బాపు పోవాలె గదరా, చాయ్ తాగనీకి."

మావయ్య మాస్క్‌లోంచే నవ్వారు. మంచి ఘడియ దాటిపోతుందని మిషన్ ఐదు మీద పెట్టించుకుని తొక్కడం మొదలుపెట్టారు. నేను కర్పూరం వెలిగించి మూడుసార్లు తిప్పాను. ఆయన తొక్కుతూనే హారతి కళ్లకద్దుకోవడానికి ముందుకు వంగారు.

మంట ఒక్కసారిగా తెల్లగా జానెడు ఎత్తు లేచింది.

ఆక్సిజన్ జాడీలో పెట్టగానే నిప్పుపుల్ల భగ్గుమనడం బీఎస్సీ ల్యాబ్‌లో ఎన్నిసార్లు చూశానో. కెమిస్ట్రీలో ఫస్ట్ క్లాస్ నాది!

"మిషన్ ఆపండి!" అని అరిచి పళ్లెం వెనక్కి లాక్కున్నాను. అది చేయి జారింది. దయాకర్ స్విచ్ కట్టేసి మాస్క్ లాగేశాడు. మావయ్య మీసం కొస కమిలింది, అంతే. కానీ కర్పూరం ఆయన కాళ్ల దగ్గరే పడి మండుతూ ఉంది. అది ఆరేదాకా మిషన్ వేయలేం. ఆయన పెదవులు అప్పుడే నీలం తిరుగుతున్నాయి.

నేను తేరుకునేలోపు మావయ్య సైకిల్ మీంచి జారి నేల మీద కూలబడి ఊదారు. మంట కదల్లేదు. మళ్లీ ఊదారు. కొంచెం వంగినట్టే వంగి మళ్లీ నిలబడింది. ఒక్క కర్పూరం బిళ్ల. మూడోసారి పెదవులు సున్నాలా చుట్టారు గానీ గాలి రాలేదు. ఆయన నావైపు చూశారు.

అత్తయ్య చెంబు తెచ్చి దాని మీద బోర్లించారు.

ఆయన్ని మంచం మీదికి చేర్చి, కిటికీలన్నీ తెరిచి, వాసన పోయాక మిషన్ వేశాం. ఆయన వెనక్కి వాలారు.

"ఎన్ని దినాలన్నరు... బిడ్డా?"

"నలభై, మావయ్యా."

"ఇయ్యాల్ది... లెక్కకొస్తదా?"

దయాకర్ కిటికీ వైపు తిరిగిపోయాడు. అత్తయ్య చెంబు మీది చెయ్యి తీయకుండా అలాగే కూర్చున్నారు.

"వస్తుంది. ఒకటి అయిపోయింది" అన్నాను.

"రేపు... హారతి వద్దు" అని మీసం తడుముకున్నారు. నవ్వడానికే చూశారు, దగ్గు వచ్చింది.

ఆయన కళ్లు మూసుకునేదాకా ఆగి, మిషన్ గుండీని ఐదు నుంచి రెండుకు తిప్పాను.