ఎఱ్ఱమట్టి పట్టిన ముండ్లు

రాత్రియెల్ల కురిసి వెలిసిన కార్తికమేఘములు దిగంతరేఖపై దూదిపింజలవలె చెదరియుండ బాలభానుని కిరణములు క్రీడాప్రాంగణ మధ్యమందలి పచ్చికను మరకతకాంతితోను దానిని చుట్టివచ్చిన రబ్బరుబాటను తడిసిన ఇటుకవన్నెతోను మెఱయింపజేయుచుండెను. నానాజిల్లాలనుండి యేతెంచిన పందెగత్తెలు ఆ బాట యంచున మోకాళ్లు వంచుచు మడమలు విదిలించుచు తమతమ పిలుపులకై నిరీక్షించుచుండిరి.

వారిలో సుంకులమ్మ యను పదునెనిమిదేండ్ల పిల్ల ఐదువేల మీటర్ల పందెమునకు వచ్చియుండెను. మొదటి యిద్దరికి మాత్రమే జాతీయపోటీలకు పోవు భాగ్యము. పుట్టినది మొదలు వట్టికాళ్లతోనే పరుగెత్తిన యామెకు తడి రబ్బరుబాట క్రొత్త. కావున ఆమె పాఠశాలలో లెక్కలు చెప్పు శేషారత్నము తన సంచినుండి నూలుగుడ్డలో చుట్టిన జోళ్లజత నొకటి వెలికి దీసెను. అవి లోకము స్పైకులని పిలుచు ముండ్ల జోళ్లు. మూడేండ్ల క్రిందట విషజ్వరమున గతించిన శేషారత్నము చెల్లెలు మందాకినివి.

అరచేత నుంచిన పిచ్చుకవలె తేలికయై గాలి చొరబాఱు వలవంటి పైవస్త్రమును దూరపు పరుగున పాదముతోపాటు వంగునట్టి మెత్తని అడుగును కలిగి మునివ్రేళ్ల క్రింద మాత్రమే ఆఱేసి యినుపముండ్లు ధరించి మడమ క్రింద తమలపాకు మందపు మెత్త తప్ప వేఱొక యాధార మెఱుగని పాదరక్షలవి. "అక్కా, వీనిని తొడిగికొని నిలువజాలము సుమా, ముందునకు త్రోయుచునే యుండును" అని మందాకిని యొకనాడు నవ్వియుండెను. ఆమె కడపటి పందెము జిల్లాకేంద్రపు మట్టిమైదానమున జరిగినది. ఆ యెఱ్ఱమట్టి ముండ్ల మొదళ్లయందు అట్లే యెండిపోయి యుండెను. శేషారత్నము దానిని కడుగలేదు. ఎవ్వరిని కడుగనీయలేదు.

పందెపు పర్యవేక్షకుడు బసవలింగము జోడును తిరుగవేసి ముల్లును కొలిచి కనుబొమలెత్తెను.

"పంతులమ్మగారూ, ఇవి జోళ్లా, పందికొక్కు పండ్లా? పండ్రెండు మిల్లీమీటర్లున్నవి. ఈ బాటపై తొమ్మిదింటికి మించరాదు."

"మట్టిపై ఇవియే వాడిరి."

"మట్టి మెత్తన. ముల్లు లోతుగా దిగిన గాని పట్టు దొరకదు. రబ్బరున నింత పొడవు దిగినచో విడువదు. పట్టుకొనుట సగము పని తల్లీ, సమయమునకు విడుచుట తక్కిన సగము. నాయొద్ద ఆఱు మిల్లీమీటర్లవి కలవు, మార్చుకొనుడు. అరగంట యున్నది" అని యతడు రేకుడబ్బీని, ముండ్లు విప్పు చిన్న పనిముట్టును చేతికిచ్చెను.

శేషారత్నము త్రిప్పి చూచెను. మట్టి గట్టిపడి మొదళ్లను మూసియుండుటచే పనిముట్టు పట్టలేదు. కడిగిన గాని రాదు. ఆమె పనిముట్టును మెల్లగా గట్టుపై నుంచెను.

సుంకులమ్మ ఆమె మొగము చూచి పలికెను. "పంతులమ్మా, నాకు వట్టికాళ్లే హాయి. మేకలవెంట పరుగెత్తునప్పుడు నాకెవరు తొడిగిరి?" అట్లని బాటపై నొక చుట్టు పరుగెత్తబోయి మొదటి మలుపుననే కాలుజాఱి రెండుచేతులు మోపి పడెను. తిరిగివచ్చి యరచేయి వెనుకకు దాచుకొనెను.

"ఏదీ, చూపుము."

"ఏమియు లేదమ్మా. బాటకు మ్రొక్కితిని."

శేషారత్నము చెక్కుకొనిపోయిన యా యరచేతిని చూచెను. చూచి నీళ్లసీసా మూత తీసెను. పైటకు పెట్టుకొన్న పిన్నీసు నూడదీసి దాని కొనతో ఒక్కొక్క ముల్లు మొదటినుండి మట్టిని పెకలించి నీరు పోసెను. మూడేండ్లు కదలని మట్టి బిళ్లలై విడివడి కరగి సిమెంటుగట్టుపై ఎఱ్ఱని చారయై పాఱెను. విప్పిన ముండ్లను ఆమె కొంగున వేసికొనెను. పదునొకండు వచ్చినవి. పండ్రెండవది కదలలేదు. ఆమె త్రిప్పలేదో అది తిరుగలేదో యామెకే తెలియదు.

"నేను త్రిప్పెదనమ్మా" అని సుంకులమ్మ చేయి చాచెను.

శేషారత్నము "త్రిప్పుము" అని పనిముట్టు నిచ్చెను. ముల్లు కిఱ్ఱుమని యొక్కమాఱు మూలిగి వచ్చినది. శేషారత్నము దానినిగూడ కొంగున ముడివైచి, ఆ చోట్లనెల్ల పొట్టిముండ్లు బిగించెను.

పందెము మొదలయ్యెను. పండ్రెండున్నర చుట్లును శేషారత్నము ఆ పిల్ల మొగము చూడలేదు. ఆ యడుగులనే చూచెను. ప్రతి యడుగునను పొట్టిముండ్లు చిటుక్కుమని బాటను పట్టుచు మఱుక్షణమే విడుచుచుండెను. తాను జాఱిన మలుపునందే సుంకులమ్మ ముందున్న పందెగత్తెను దాటి రెండవదియై గీత చేరెను.

రొప్పుచు వచ్చి యామె పంతులమ్మ భుజము పట్టుకొనెను. "ఇవి యేమి జోళ్లమ్మా, నిలువనీయవు! ముందునకు త్రోయుచునే యున్నవి."

పిల్ల జోళ్లు విప్పి తుడిచి యీయబోగా శేషారత్నము వారించెను.

"ఉండనిమ్ము. ఇక అవి నీవి." పిదప కొంగుముడి విప్పి పండ్రెండు పొడవు ముండ్లను ఆమె చేతిలో పోసెను. "వీనినిగూడ దాచుకొనుము. మన యూరి మైదానము మట్టిది. అచ్చట పొట్టివి పట్టవు."

జోళ్లు చుట్టివచ్చిన నూలుగుడ్డ మాత్రము మిగిలెను. శేషారత్నము దానిని నిలువున చింపి సుంకులమ్మ యరచేతికి కట్టు కట్టెను. ముడి రక్తమును నిలుపునంత బిగువుగను వ్రేళ్లు కదలునంత వదులుగను ఉన్నదో లేదో రెండుమాఱులు చూచుకొని చేయి విడిచెను.